కేప్ ఎవాన్స్ తీరంలో పద్నాలుగు నెలలు

ధ్రువయాత్రల చరిత్ర మీద కాస్త ఆసక్తి ఉన్నవారంతా ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉండే ఛాయాచిత్రం ఒకటుంది. తేలుతూ వచ్చిన ఒక మంచుకొండలోని గుహలో నిలబడి, బయటికి చూస్తూ తీసిన చిత్రం అది. గుహ నోరు వంపు తిరిగిన చట్రంలా కనిపిస్తుంది. ఆ చట్రం నడుమ, దూరాన, టెర్రా నోవా అనే ఓడ. గుహ వాకిట నిలబడ్డ ఇద్దరు మనుషులను బట్టి ఆ గుహ ఎంత పెద్దదో తెలుస్తుంది. వారిలో ఒకరు భూగర్భశాస్త్రజ్ఞుడు గ్రిఫిత్ టేలర్, రెండవవారు భౌతికశాస్త్రజ్ఞుడు చార్లెస్ రైట్. కెప్టెన్ రాబర్ట్ స్కాట్ బృందంతో వచ్చిన హెర్బర్ట్ పాంటింగ్ ఆ చిత్రాన్ని 1911 జనవరి 5న అంటార్కిటికాలోని రాస్ ద్వీపం దగ్గర తీశాడు.

ఆ గుహలో అడుగుపెట్టినవారిని ముందుగా ఆకట్టుకున్నవి దాని రంగులు. మంచులోంచి వడగట్టుకుని వచ్చే వెలుగు నీలంగా, ఆకుపచ్చగా గోడల మీద పరుచుకుని ఉండేది. చిత్రంలో ఆ రంగుల జాడ లేదు. చూసినవారు అబ్బురపడినదేదో అది తప్ప మిగిలినదంతా గాజుపలక మీదికి ఎక్కింది. ఆ తరువాతి పద్నాలుగు నెలల్లో పాంటింగ్ చేసిన పనికంతటికీ ఈ మొదటి చిత్రాన్ని ఒక నమూనాగా తీసుకోవచ్చు.

స్కాట్ బృందం పేరు వినగానే ఎవరికైనా గుర్తొచ్చేది దక్షిణధ్రువానికి వెళ్ళి తిరిగిరాని ఐదుగురి కథ. ఆ కథకు బొమ్మలుగా వంద సంవత్సరాలకు పైగా అచ్చవుతున్నవాటిలో చాలాభాగం పాంటింగ్ తీసినవే. అయితే పాంటింగ్ ధ్రువానికి వెళ్ళలేదు. అతను చిత్రించింది ప్రధానంగా ఒక ద్వీపపు పడమటి తీరాన్ని. తీరానికి సంబంధించిన చిత్రాలు ఒక ప్రయాణానికి సాక్ష్యాలుగా ఎలా మారాయి? వాటిని తీసిన నెలతో, తేదీతో కలిపి చదివితే ఏమి తెలుస్తుంది? ఈ వ్యాసం పరిశీలించేది ఈ రెండు ప్రశ్నలనే.

ద్వీపం, దాని నెలలు

రాస్ ద్వీపాన్ని మొదట చూసినవారు 1841లో జేమ్స్ క్లార్క్ రాస్ నాయకత్వంలో వచ్చిన బ్రిటిష్ నావికులు. ద్వీపం మీద 3,794 మీటర్ల ఎత్తున పొగలు కక్కే అగ్నిపర్వతానికి రాస్ తన ఓడల్లో ఒకదాని పేరే పెట్టాడు, ఎరెబస్ అని. ద్వీపానికి పడమర మెక్‌మర్డో సౌండ్ అనే సముద్రపు పాయ. ఆ పాయలోకి పొడుచుకు వచ్చిన నల్లని లావా నేల మీద, 77 డిగ్రీల 38 నిమిషాల దక్షిణ అక్షాంశం దగ్గర, స్కాట్ బృందం 1911 జనవరిలో దిగింది. ఆ చోటికి స్కాట్ తన ఉపనాయకుడు ఎడ్వర్డ్ ఎవాన్స్ పేరిట కేప్ ఎవాన్స్ అని పేరు పెట్టాడు. అక్కడ 50 అడుగుల పొడవు, 25 అడుగుల వెడల్పుతో ఒక చెక్క ఇల్లు కట్టారు. ఆ ఇంట్లో ఒక మూల పాంటింగ్ చీకటిగది. అతని పనీ పడకా రెండూ అందులోనే.

అక్కడి కాలచక్రం మనకు అలవాటైనది కాదు. మన సంక్రాంతి వేళకు అక్కడ నడివేసవి. అక్టోబరు చివరి వారం నుంచి ఫిబ్రవరి నడిమి దాకా సూర్యుడు అస్తమించడు, ఆకాశంలో చుట్టూ తిరుగుతూనే ఉంటాడు. ఆ తరువాత రెండు నెలలు మాత్రమే ఉదయాస్తమయాలు ఉంటాయి. ఏప్రిల్ చివరి వారంలో మునిగిన సూర్యుడు ఆగస్టు చివరి వారానికి గాని మళ్ళీ కనిపించడు. అప్పటినుంచి అక్టోబరు దాకా మళ్ళీ ఉదయాస్తమయాలు. తీరరేఖ కూడా స్థిరంగా ఉండదు. వేసవిలో అలలు కొట్టే చోట జూన్ నెలలో మనుషులు నడిచిపోతారు. కేప్ ఎవాన్స్‌కు దక్షిణాన సముద్రంలోకి మైళ్ళ దూరం చాచుకుని ఉన్న గ్లేసియర్ టంగ్ అనే మంచునాలుక, ఎన్ని తరాల నుంచో కదలని నేలలాగే కనిపించేది. 1911 మార్చిలో వచ్చిన తుఫానుకు దానిలో రెండు మైళ్ళ ముక్క విరిగి కొట్టుకుపోయింది. పటంలో గీసుకున్న తీరం పటం పాతబడకముందే మారిపోయింది. ఇలాంటి చోట తేదీ లేని ఛాయాచిత్రానికి చరిత్రలో విలువ తక్కువ.

కెమెరాతో వచ్చినవాడు

పాంటింగ్ 1870లో ఇంగ్లండులోని సాల్స్‌బరీలో పుట్టాడు. కొంతకాలం బ్యాంకులో పనిచేశాడు. అది వదిలి కాలిఫోర్నియా వెళ్ళి పండ్లతోటలు పెంచి నష్టపోయాడు. ముప్పయ్యేళ్ళ వయసుకు ఛాయాగ్రహణం వృత్తి అయింది. జపాను, చైనా, బర్మా, భారతదేశం తిరిగాడు. రష్యా జపానుల యుద్ధాన్ని చిత్రించాడు. జపాను గురించి రాసిన పుస్తకం 1910లో వెలువడింది. తనను ఫొటోగ్రాఫర్ అనడం అతనికి నచ్చేది కాదు, కెమెరా కళాకారుణ్ణని చెప్పుకునేవాడు. అంటార్కిటికా యాత్రలో ఛాయాగ్రహణమే వృత్తిగా ఉన్న ఒక నిపుణుణ్ణి వెంటబెట్టుకుపోవడం అప్పటికి కొత్త.

అతని సామగ్రిలో ముఖ్యమైనవి గాజుపలకల కెమెరాలు, చలనచిత్ర యంత్రాలు. అప్పటి సాధారణ పలకల రసాయనపూత నీలిరంగు వెలుగుకు ఎక్కువగా, ఆకుపచ్చకు కొంతగా స్పందించేది. ఎరుపు దానికి చీకటితో సమానం. పసుపు గాజును కటకానికి అడ్డంగా పెడితే ఆకాశం, మంచు వేరువేరుగా కనబడతాయి గాని, అందుకు పలకను ఎక్కువసేపు వెలుగుకు చూపాలి. నెత్తిన ఎండ కాసేటప్పుడు మంచు చదునుగా, తెల్లకాగితంలా పడుతుంది. సూర్యుడు దిగంతానికి దగ్గరగా ఉన్నప్పుడు, అందులోనూ వెలుగుకు ఎదురుగా కెమెరా పెట్టినప్పుడే మంచులోని గట్లూ గుంటలూ అంచులూ తేలుతాయి. అంటే ఆ తీరాన్ని చూడటానికి అనువైన నెలలూ, చిత్రించడానికి అనువైన నెలలూ ఒకటి కావు.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా

గుహను చిత్రించిన రోజుల్లోనే పాంటింగ్ ప్రాణాపాయం నుంచి బయటపడ్డాడు. మంచు అంచున ఆరేడు ఆర్కా తిమింగలాలు తిరుగుతుండటం చూసి కెమెరా ఎత్తుకుని పరుగెత్తాడు. అవి నీటి అడుగుకు దిగి, అతను నిలబడ్డ మంచును కిందినుంచి వీపులతో ఎత్తి పగలగొట్టాయి. ఊగుతున్న ముక్కల మీదినుంచి ముక్కల మీదికి గెంతి అతను గట్టుకు చేరాడు. ఆ పక్కన కట్టేసి ఉన్న రెండు కుక్కలు కూడా బతికాయి. మంచును పగలగొట్టి వేటాడే తెలివి తిమింగలాలకు ఉంటుందని అంతవరకు అనుకోలేదని స్కాట్ తన దినచర్యలో రాసుకున్నాడు.

జనవరి చివర స్కాట్, మరికొందరు దక్షిణపు దారిలో ఆహారనిల్వలు పెట్టడానికి వెళ్ళి, సముద్రం గడ్డకట్టేదాకా ఆగి, ఏప్రిల్ 13న గాని కేప్ ఎవాన్స్‌కు తిరిగి రాలేదు. ఆ నెలలన్నీ పాంటింగ్ తీరంలోనే ఉన్నాడు. అలల తుంపరలు గడ్డకట్టి ఒడ్డున పేరుకోవడం, కొత్త మంచు సముద్రం మీద మీగడలా కట్టి గాలికి చెదిరిపోవడం, మళ్ళీ కట్టడం అతని కళ్ళముందే జరిగాయి. మార్చి, ఏప్రిల్ నెలల సాయంకాలాలు అతనికి పరీక్ష పెట్టాయి. సూర్యుడు కుంగిన తరువాత గంటలకొద్దీ గులాబీ, నారింజ, ఊదా రంగులు నిలిచి ఉండే ఆకాశం అది. ఎరుపును చూడలేని పలకతో దాన్ని పట్టుకోవడం కుదరదు. లూమియేర్ సోదరులు 1907లో విడుదల చేసిన ఆటోక్రోమ్ పలకలు కొన్ని అతని దగ్గర ఉన్నాయి. రంగులద్దిన బంగాళదుంప పిండి రేణువులను గాజు మీద పరిచి చేసిన తొలి వర్ణఛాయాచిత్ర సాధనం అది. వాటితో ఆ సంధ్యాకాంతిని కొంతమేరకు పట్టగలిగాడు. మసక వెలుగులో ఆటోక్రోమ్‌కు చాలా సమయం కావాలి. అందువల్ల ఆ చిత్రాలు కొద్దే మిగిలాయి. ఏప్రిల్ 23తో ఆ అవకాశం కూడా ముగిసింది.

మే నుంచి ఆగస్టు దాకా

చీకటి నెలల్లో పాంటింగ్ రెండు రకాల వెలుగులను వాడుకున్నాడు. ఒకటి వెన్నెల, రెండవది మెగ్నీషియం పొడి మంట. గడ్డకట్టిన సముద్రంలో చిక్కుకుని నిలిచిపోయిన మంచుకొండలు కేప్ ఎవాన్స్ చుట్టుపక్కల ఉండేవి. వాటిలో ఒకటి కోటబురుజులా ఉండటంతో దాన్ని క్యాజిల్ బర్గ్ అన్నారు. చీకట్లో ఒకచోట కెమెరా నిలిపి, మంట వెలిగించి, ఆ క్షణపు వెలుగులో అతను మంచుకొండలను చిత్రించాడు. ఆ బురుజునే సెప్టెంబరు ఎండలో మళ్ళీ తీశాడు. ఒకే వస్తువును వేరువేరు నెలల్లో చూపే ఆ చిత్రాలను పక్కపక్కన పెట్టి చూసినవారికి మంచుకొండ ఆకారం కన్నా వెలుగు చేసిన మార్పే ముందుగా తెలుస్తుంది.

ఆ చలిలో పనిచేయడానికి అతను కొన్ని కఠినమైన నియమాలు నేర్చుకోవలసి వచ్చింది. బయటి కెమెరాను వెచ్చని ఇంట్లోకి తెస్తే కటకాల మీద తేమ పట్టి గడ్డకడుతుంది. అందువల్ల కెమెరాలు బయటనే ఉండాలి. కటకం మీద ఊపిరి పడకూడదు. చేతితొడుగు తీసిన వేళ్ళు క్షణాల్లో మొద్దుబారతాయి. ఒకసారి పని ధ్యాసలో ఉండగా అతని నాలుక కొస కెమెరా లోహానికి తగిలి అతుక్కుపోయింది. విడిపించుకునేసరికి కొసన చర్మం ఊడింది. కదలకుండా నిలబడమని అతను తోటివారిని కూడా అంతే కష్టపెట్టేవాడు. చలిలో కొయ్యబారేదాకా వింత భంగిమల్లో నిలబడటానికి టేలర్ అతని పేరునుంచే ఒక క్రియాపదం పుట్టించాడు, 'పాంట్' చేయడం అని. కేప్ ఎవాన్స్ ప్రకృతిచిత్రాల్లో ఒక మూలన చిన్నగా కనిపించే మనిషి చాలావరకు ఇలా 'పాంట్' చేసినవాడే.

ఆ ఇంట్లో అదే తీరాన్ని వేరే సాధనంతో నమోదు చేస్తున్నవాడు మరొకడున్నాడు. ఎడ్వర్డ్ విల్సన్ వైద్యుడు. కేంబ్రిడ్జిలోనూ లండన్‌లోని సెయింట్ జార్జ్ ఆసుపత్రిలోనూ చదివాడు. చదువుకునే రోజుల్లో క్షయ సోకి, నార్వేలో, స్విట్జర్లాండులో విశ్రాంతి తీసుకుంటూ బొమ్మలు వేసుకున్నాడు. టెర్రా నోవా యాత్రలో అతను వైజ్ఞానిక బృందానికి అధిపతి. బయట చలిలో నీటిరంగులు గడ్డకడతాయి కాబట్టి అతను పెన్సిలుతో గీత గీసి, ఏ చోట ఏ రంగో అక్కడే మాటల్లో రాసుకునేవాడు. తరువాత ఇంట్లో ఎసిటిలీన్ దీపం కింద కూర్చుని రంగులు వేసేవాడు. రోగి మంచం పక్కన లక్షణాలను గుర్తుపెట్టుకోకుండా అక్కడికక్కడే రాసుకునే వైద్యుడి అలవాటుకు ఇది దగ్గరగా ఉంటుంది. చంద్రుని చుట్టూ ఏర్పడే పరివేషాలను, ధ్రువజ్యోతిని అతను ఆ విధంగా నమోదు చేశాడు. ధ్రువజ్యోతిని పలక మీదికి ఎక్కించాలని పాంటింగ్ చేసిన ప్రయత్నాలు ఫలించలేదు.

కెమెరా నిజం చెబుతుంది, కుంచె కల్పిస్తుంది అనే మామూలు విభజన ఇక్కడ పూర్తిగా చెల్లదు. రంగు విషయంలో విల్సన్ రాసిపెట్టుకున్న మాటలే నమ్మదగ్గ ఆధారం. మంచు పొరలు, పగుళ్ళు, కొలతల విషయంలో పాంటింగ్ పలకకు సాటి లేదు. ఆ తీరం గురించి తెలుసుకోవడానికి రెండూ కావాలి.

ఈ చీకటి నెలల్లోనే భారతదేశం కూడా ఆ ఇంట్లోకి వచ్చింది. శీతాకాలంలో వారానికి కొన్ని సాయంత్రాలు బృందంలో ఎవరో ఒకరు ఉపన్యసించే ఏర్పాటు ఉండేది. పాంటింగ్ తన ప్రయాణాల మీద లాంతరు పలకలు చూపుతూ మాట్లాడేవాడు. ఒక రాత్రి కాశీలో గంగ ఒడ్డున సూర్యోదయాన్ని వర్ణించాడు. మసక వెలుగులో నీళ్ళలో నిలబడ్డ వేలమంది, సూర్యుడు రాబోయే ముందు కమ్ముకునే నిశ్శబ్దం, తొలికిరణంతో ఒక్కసారిగా లేచే జనఘోష. ఆ వర్ణన తమను పులకింపజేసిందని స్కాట్ ఆ దినచర్యలో నమోదు చేశాడు. సూర్యుడే లేని నెలల్లో కూర్చుని విన్నవారికి ఆ సూర్యోదయం ఎలా తోచి ఉంటుందో ఊహించవచ్చు. వారి సూర్యుడు ఆగస్టు 23న రావలసి ఉండగా మంచుతుఫాను అడ్డుపడింది. మూడు రోజుల తరువాత గాని దర్శనమివ్వలేదు.

జూన్ 27న విల్సన్, బవర్స్, చెర్రీ-గరార్డ్ అదే ద్వీపపు తూర్పు కొసన ఉన్న కేప్ క్రోజియర్‌కు బయలుదేరారు. ఎంపరర్ పెంగ్విన్ల గుడ్లు తేవడం వారి ఉద్దేశం. చలి సున్నాకు దిగువన 60 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్ళింది. ఐదు వారాల తరువాత, ఆగస్టు 1న, మూడు గుడ్లతో తిరిగి వచ్చారు. బయలుదేరే ముందూ, తిరిగి వచ్చిన రాత్రీ పాంటింగ్ ఆ ముగ్గురినీ చిత్రించాడు. రెండు చిత్రాలను పోల్చి చూస్తే ఐదు వారాల శీతాకాలం మనిషి ముఖాన్ని, కళ్ళను, చేతులను ఏమి చేస్తుందో వైద్యగ్రంథం చెప్పనవసరం లేదు. ఆ ద్వీపపు శీతాకాలానికి పాంటింగ్ తీసిన అత్యంత విశ్వసనీయమైన చిత్రం బహుశా ఆ మూడు ముఖాలే.

సెప్టెంబరు నుంచి మార్చి దాకా

వెలుగు తిరిగి రావడంతో చిత్రాలూ పెరిగాయి. తక్కువ ఎత్తులో సూర్యుడు, గడ్డకట్టిన సముద్రం, పొగలు వదిలే ఎరెబస్, అన్నీ ఒకేసారి దొరికే నెలలు సెప్టెంబరు, అక్టోబరు. అదే సమయంలో స్కాట్, బవర్స్ మరికొందరితో కలిసి పాంటింగ్ దగ్గర ఛాయాగ్రహణం నేర్చుకున్నారు. ధ్రువయాత్రకు పాంటింగ్ బరువైన సామగ్రి పనికిరాదు. అక్కడ చిత్రాలు తీయవలసింది ఆ శిష్యులే.

దక్షిణపు దారికి బయలుదేరే ముందు పాంటింగ్ మరొక పని చేశాడు. స్కాట్, విల్సన్, బవర్స్, ఎడ్గార్ ఎవాన్స్ గుడారం వేసుకోవడం, లోపల వండుకుని తినడం, పడుకోవడం, ఇవన్నీ కేప్ ఎవాన్స్ దగ్గరే చేయించి చలనచిత్రంగా తీశాడు. అప్పటికి అది యాత్రాజీవితం ఎలా ఉంటుందో చూపే నమూనా మాత్రమే. నవంబరు 1న స్కాట్ బయలుదేరాడు. గుడారంలో నటించిన నలుగురూ ధ్రువానికి చేరిన ఐదుగురిలో ఉన్నారు. నలుగురిలో ఎవరూ తిరిగి రాలేదు.

వారు వెళ్ళిన తరువాత కూడా పాంటింగ్ తీరంలో పని కొనసాగించాడు. డిసెంబరు 2న తీసిన బార్న్ హిమానీనదం చిత్రం వాటిలో ప్రసిద్ధమైనది. నిటారుగా నిలిచిన మంచుగోడ అడుగున, గుర్రాల సంరక్షకుడు ఆంటన్ ఒమెల్చెంకో చీమంత కనిపిస్తాడు. ఆ వేసవిలోనే కేప్ రాయిడ్స్‌లో అడెలీ పెంగ్విన్లను చిత్రించాడు. 1912 మార్చి మొదట్లో టెర్రా నోవా ఎక్కి వెళ్ళిపోయాడు. అప్పటికి స్కాట్ బృందం తిరుగుదారిలో ఇంకా నడుస్తూనే ఉంది. ఓడలో ఉన్నవారికి వారి స్థితి తెలియదు.

చిత్రాలు పోయిన దారి

1912 నవంబరు 12న నౌకాదళ వైద్యుడు ఎడ్వర్డ్ అట్కిన్సన్ నాయకత్వంలో వెళ్ళినవారికి గుడారం, అందులో స్కాట్, విల్సన్, బవర్స్‌ల దేహాలు కనిపించాయి. వాటితోపాటు ఎనిమిది నెలలు మంచులో ఉన్న ఫిల్ములు కూడా దొరికాయి. కేప్ ఎవాన్స్‌లోని ఇంట్లో భూగర్భశాస్త్రజ్ఞుడు ఫ్రాంక్ డెబెన్‌హామ్ వాటిని డెవలప్ చేశాడు. జనవరి 18న ధ్రువం దగ్గర ఐదుగురూ నిలబడీ కూర్చునీ ఉన్న చిత్రం అందులో ఉంది. కెమెరాకు కట్టిన దారాన్ని బవర్స్ లాగి తీసిన చిత్రం అది. అముండ్సెన్ తమకు ఐదు వారాల ముందే అక్కడికి చేరాడని తెలిసినవారి ముఖాలు అవి.

ధ్రువయాత్రకు ప్రత్యక్షసాక్ష్యం అలాంటి చిన్న ఫిల్ములే. దారిలో మొదటి దశలో స్కాట్ స్వయంగా తీసిన చిత్రాలు, మధ్యలో వెనుదిరిగిన సహచరుల ద్వారా కేప్ ఎవాన్స్‌కు చేరినా, పెద్దగా వెలుగు చూడలేదు. విల్సన్ వంశీకుడైన డేవిడ్ విల్సన్ 2011లో పుస్తకంగా తెచ్చేదాకా వాటి సంగతి కొద్దిమందికే తెలుసు. ఆ ఖాళీని పాంటింగ్ తీరచిత్రాలు నింపాయి. 1913 చివర లండన్‌లో జరిగిన ప్రదర్శనతో మొదలై, ఉపన్యాసాల్లో, 1921లో రాసిన పుస్తకంలో, 1924 నాటి 'ది గ్రేట్ వైట్ సైలెన్స్' మూకీచిత్రంలో, 1933 నాటి '90 డిగ్రీస్ సౌత్' అనే మాటల చిత్రంలో, పాంటింగ్ తన పద్నాలుగు నెలల పనిని ఐదుగురి మరణకథ చుట్టూ మళ్ళీ మళ్ళీ అమర్చాడు. నమూనాగా తీసిన గుడారపు దృశ్యం సినిమాలో ధ్రువపు దారిలోని గుడారమై కూర్చుంది. గడ్డకట్టిన తీరం పీఠభూమి అయిపోయింది.

దీన్ని మోసమనడం తొందరపాటు. నలుగురితో ఏడాదిపాటు ఒకే కప్పు కింద బతికినవాడికి, వారిని గుర్తుచేసుకోవడానికి చేతిలో ఉన్నవి ఆ రీళ్ళే. కాని చరిత్ర చదివేవారికి ఆ అమరిక వల్ల రెండు నష్టాలు జరిగాయి. ధ్రువయాత్రలో నిజంగా ఏమి చూశారో చెప్పే మసకచిత్రాలు వెనక్కు పోయాయి. పాంటింగ్ నిజంగా సాధించినది, అంటే ఒక ద్వీపతీరం నెలనెలా ఎలా మారిందో చెప్పే తేదీలతో కూడిన నమోదు, విషాదకథకు నేపథ్యంగా మిగిలిపోయింది. పాంటింగ్ 1935లో లండన్‌లో చనిపోయాడు. అతని గాజుపలకలు 1,700కు పైగా ఉన్నాయి. కేంబ్రిడ్జిలోని స్కాట్ ధ్రువ పరిశోధనా సంస్థ 2004లో వాటిని కొన్నది. మూకీచిత్రాన్ని బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ 2010లో పునరుద్ధరించింది. ఇప్పుడు ఒక్కొక్క చిత్రాన్నీ దాని తేదీతో, చోటుతో చూసే వీలు కలిగింది.

కేప్ ఎవాన్స్ ఇల్లు ఇప్పటికీ నిలిచి ఉంది. 2013లో అక్కడ పనిచేస్తున్న న్యూజీలాండ్ పరిరక్షకులకు పాంటింగ్ చీకటిగదిలో, ఒకదానికొకటి అతుక్కుని ముద్దకట్టిన 22 ఫిల్ము నెగెటివ్‌లు దొరికాయి. అవి పాంటింగ్‌వి కావు. 1915 మే నెలలో, లంగరు వేసి ఉన్న అరోరా అనే ఓడ గాలికి తెగి కొట్టుకుపోగా, అదే ఇంట్లో చిక్కుకుపోయిన షాకిల్టన్ అనుచరులు వదిలివెళ్ళినవి. వాటిని తీసినవారెవరో కచ్చితంగా తేలలేదు. బూజు పట్టి, అంచులు కరిగిన ఆ ఫిల్ములను ఒక్కొక్కటిగా విడదీసి శుభ్రం చేసిన తరువాత, అందులో మెక్‌మర్డో సౌండ్ చుట్టూ ఉన్న తీరపు గుర్తులు కనిపించాయి. ఏ చిత్రం ఎక్కడ నిలబడి తీసిందో పోల్చుకోవడానికి వారికి ఆధారమైనది ఆ కొండల, కొసల ఆకారమే.